మచ్చ చూసి మందు అమ్మొద్దు

చలికాలం వచ్చిందంటే విశాఖ రైతుబజార్ల నిండా క్యాబేజీ, కాలీఫ్లవర్లే. ఆ పంట మీద మచ్చ కనిపిస్తే ఆనందపురం రైతైనా, అరకు రైతైనా ముందు పరుగెత్తేది పురుగుమందుల షాపుకే. అక్కడ ఏ మచ్చకైనా ఒకటే మాట, ఫంగస్ పట్టింది, ఈ పొడి కొట్టు అని. తెగులు కంటే ఆ మాటే రైతును ఎక్కువ ముంచుతోంది.

ఆకు మీద వలయాలుగా గోధుమరంగు మచ్చలొస్తే అది ఆల్టర్నేరియా, నిజంగా శిలీంద్రమే. ఆకు పైన పసుపు, అడుగున తెల్లటి బూజు ఉంటే డౌనీ మిల్డ్యూ. చూడ్డానికి శిలీంద్రంలా ఉంటుంది గానీ ఆ జీవి వేరు. ఆకు అంచు నుంచి లోపలికి కోణంలా పసుపు పాకి ఈనెలు నల్లబడితే నల్లకుళ్లు, అది బ్యాక్టీరియా. ఈ చివరి రెండింటికీ శిలీంద్రాలను చంపే కార్బెండజిమ్ పొడి ఎన్నిసార్లు కొట్టినా డబ్బు దండగే. నల్లకుళ్లు చాలాసార్లు విత్తనంతోనే వస్తుంది. విత్తనాన్ని 50 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచి, ఆరబెట్టి నారు పోసుకుంటే చాలావరకు తప్పుతుంది. దానికయ్యే ఖర్చెంత?

అన్నిటికంటే భయపెట్టేది స్క్లెరోటీనియా, తెల్లకుళ్లు. బూజు మధ్య ఏర్పడే నల్లటి గట్టి గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికుంటాయి. 400కు పైగా మొక్కజాతులకు సోకే ఈ తెగులు ఆవాలనూ వదలదు, మన ఏజెన్సీలో బాగా పండే రాజ్మానూ వదలదు. క్యాబేజీ తీసిన మడిలో రాజ్మా వేస్తే పంట మార్చామనుకుంటాం, తెగులుకు మాత్రం మేత దొరుకుతూనే ఉంటుంది. చోళ్లో, మొక్కజొన్నో వేస్తే ఆ మేత ఆగుతుంది. ఈ సలహా ఇస్తే షాపుకు ఒక్క ప్యాకెట్టూ అమ్ముడుపోదు.

షాపు కూడా లేకపోతే కొండమీద రైతుకు దిక్కెవరని అడిగేవాళ్లున్నారు. నిజమే, అప్పు పెట్టేది కూడా ఆ షాపే. అయితే జబ్బు చెప్పేదీ, మందు అమ్మేదీ, అప్పు రాసుకునేదీ ఒక్కరే అయితే రైతు కాదనగలడా?

అసలు జబ్బు చెప్పాల్సిన యంత్రాంగం మనకు లేక కాదు. చింతపల్లిలో, అనకాపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాలున్నాయి. ఊళ్లలో రైతు సేవా కేంద్రాలున్నాయి. వ్యవసాయం చదువుకున్న పిల్లల్ని తెచ్చి అక్కడ నమోదులకీ, సర్వేలకీ, యాప్‌లకీ కట్టేశాం. వాళ్లను పొలంలోకి పంపాలి. చేతికో భూతద్దం ఇవ్వాలి, అనుమానమున్న మొక్కను ల్యాబుకు పంపి రెండు రోజుల్లో జవాబు తెప్పించే ఏర్పాటు చేయాలి. మందు చీటీ రాసేది వాళ్లే కావాలి. చీటీ లేనిదే తెగులు మందు అమ్మకూడదన్న నిబంధన ఈ రబీలోనే, ముందుగా కొండ మండలాల్లోనే రావాలి.