లియాన్ వెళ్తే ముందు నేతగాళ్ల కొండ ఎక్కండి

పారిస్ నుంచి వేగపు రైలులో రెండు గంటల ప్రయాణమే కావడం లియాన్ నగరానికి ఒక రకంగా శాపమైందని నాకనిపిస్తుంది. పొద్దున దిగి, ఫుర్వియేర్ కొండమీది బసిలికా అనే పెద్ద చర్చి ముందు ఫొటోలు దిగి, పాత లియాన్ సందుల్లో కాసేపు తిరిగి, ఫ్రాన్సు వంటల రాజధానిలో భోంచేశామన్న తృప్తితో సాయంత్రం రైలెక్కేస్తారు. కట్టడాలకు ఒక పూట, తిండికి ఒక పూట కేటాయించుకుని చూస్తే ఈ ఊరు అర్థం కాదన్నది నా గట్టి అభిప్రాయం. ఇక్కడి గోడలకూ వంటలకూ పట్టు నేసి బతికినవారితో విడదీయరాని సంబంధం ఉంది.

క్రీ.పూ. 43లో రోమన్లు స్థాపించిన ఊరు కాబట్టి రంగస్థలం, శిథిలాలు ఎటూ ఉంటాయి. వాటిని చూడవద్దని ఎవరూ అనరు. నా ఫిర్యాదు పట్టు నేతగాళ్లు కాపురమున్న క్రువా-రూస్ కొండను వదిలేసి వచ్చేవారి మీదే. ధర్మవరంలో చీరమీద నమూనా నేయడానికి మగ్గం మీద వేలాడే చిల్లుల అట్టలను చూసినవారు ఆ కొండను ఎలా వదిలేస్తారో నాకు అర్థం కాదు; ఆ అట్టల పద్ధతికి 1804లో స్థిరమైన రూపమిచ్చిన జోసెఫ్-మరీ జకార్డ్ లియాన్‌లోనే పుట్టినవాడు. ఆయన మగ్గం ఎత్తైనది కనుక క్రువా-రూస్‌లో దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు పైకప్పులతో, వెలుతురు బాగా పడేలా పెద్ద కిటికీలతో ఇళ్లు కట్టారు. నేతగాడి కుటుంబం ఆ మగ్గం పక్కనే వండుకుని, అక్కడే నిద్రపోయేది. నేతకు కనీస ధర కట్టాలన్న ఒప్పందాన్ని వ్యాపారులు కాదనడంతో 1831 నవంబరులో ఈ కొండవాసులే తిరగబడి, సైన్యం వచ్చేదాకా నగరాన్ని తమ చేతుల్లో ఉంచుకున్నారు. 1834లో మళ్లీ తిరగబడితే రక్తపాతంతో అణచివేశారు. ఇళ్ల మధ్యనుంచి ఒక వీధిలో దూరి మరో వీధిలో తేలే త్రాబూల్ దారుల్లో నిలబడినప్పుడు ఈ సంగతులు తెలిసి ఉండటం వేరు, తెలియకపోవడం వేరు. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ప్రాంతంలో పాత లియాన్‌తో పాటు ఈ కొండవాలు కూడా ఉంది. అన్నట్టు, త్రాబూళ్లు నేటికీ జనం కాపురముంటున్న ఇళ్ల నడవలు. అక్కడ కేకలు వేస్తూ వీడియోలు తీసుకోవడం మర్యాద కాదు.

ఇక తిండి. బుషాన్ అనే చిన్న భోజనశాలల్లో వడ్డించేది రాజుల వంట కాదు. ఖరీదైన మాంసం సంపన్నుల ఇళ్లకు పోగా మిగిలిన పేగులూ, కడుపు పొరలూ, కాలేయమూ పనివాళ్ల చేతికి వచ్చాయి. వాటిని ఓపికగా ఉడికించి, వేయించి రుచి తెచ్చారు. బోటి కూరను లొట్టలేసుకుంటూ తినేవారు సైతం ఇక్కడ మొహం చిట్లించడం నాకు విచిత్రంగా తోస్తుంది. గొడ్డుమాంసం తిననివారు మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే రొట్టెపొడి అద్ది వేయించే తబ్లియె ద సపర్ అనే వంటకానికి వాడేది గొడ్డు కడుపు పొరే.

ఈ వంటకు పేరు తెచ్చినవారిలో ముఖ్యులు స్త్రీలు. సంపన్నుల ఇళ్లలో వంట చేసి, తర్వాత సొంతంగా భోజనశాలలు పెట్టుకున్న వారిని ఊరంతా అమ్మ అనే పిలిచేది. వారిలో ఒకరైన యూజెనీ బ్రాజియే చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని, పొలం పనులు చేసి, 1921లో లియాన్‌లో సొంత భోజనశాల తెరిచారు. 1933లో ఆమె నడిపిన రెండు చోట్లకూ భోజనశాలలకు నక్షత్రాలిచ్చే మిషెలాఁ గైడు అత్యున్నతమైన మూడేసి నక్షత్రాలు ఇచ్చింది. ప్రపంచమంతా కొలిచే వంటగాడు పాల్ బొక్యూజ్ యువకుడిగా ఆమె వంటగదిలోనే పనిచేశారు. అయినా ఊరి పెద్ద అంగడికి ఆయన పేరే ఉంది, పర్యాటకుల నోట ఆయన పేరే వినిపిస్తుంది.

శాకాహారులకు బుషాన్‌లో దొరికేవి తక్కువేనని దాచకుండా చెప్పాలి; మూలికలు కలిపిన మెత్తని జున్ను, చక్కెర పూసిన బాదంపప్పుల గులాబిరంగు ప్రాలీన్ టార్ట్ బాగుంటాయి గానీ వాటితో కడుపు నిండదు. గుంపు టూర్లవారు వంటమనిషిని వెంటబెట్టుకుని పప్పన్నం పెట్టడాన్ని ఆ మేరకు నేను తప్పుపట్టను. మాంసాహారులకు కూడా అదే పప్పన్నం పెట్టి, లియాన్‌ను రుచుల యాత్ర పేరుతో అమ్మడమే నాకు మింగుడుపడదు.