టికెట్ కన్నా ముందు కాగితం

రెండేళ్ళ నాలుగు రోజులు. కోవిడ్ వల్ల 2020 మార్చి 23న నిలిచిపోయిన మన అంతర్జాతీయ షెడ్యూల్డు విమానాలు 2022 మార్చి 27, ఆదివారం నాడు తిరిగి మొదలయ్యాయి. దేశాల మధ్య పరిమిత విమానాల కోసం కుదిరిన ఎయిర్ బబుల్ ఒప్పందాల కింద దొరికిన కాసిన్ని సీట్ల కోసం నానా పాట్లు పడినవారికి అది నిజమైన ఊరట. సౌదీ అరేబియా అదే నెల 5న పీసీఆర్ పరీక్ష, క్వారంటైన్ నిబంధనలు ఎత్తేసింది. దుబాయి వెళ్ళేవారు విమానం ఎక్కబోయే ముందు శంషాబాద్‌లోనే ర్యాపిడ్ పీసీఆర్ చేయించుకోవలసిన బాధ ఫిబ్రవరిలోనే తప్పింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో అటక మీది సూట్‌కేసులు కిందికి దిగాయి. అమెరికా వీసా ఇంటర్వ్యూ తేదీ కోసం పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే గచ్చిబౌలి యువత సంగతి సరేసరి. వారికి కంపెనీ ఉంది, న్యాయవాది ఉన్నాడు, అడిగితే చెప్పే సీనియర్లు పదిమంది ఉన్నారు. మా ఆందోళన ఆ పల్లెల నుంచి గల్ఫ్ పనికి వెళ్ళేవారి గురించే.

అలాగని టీకా చిక్కులు ఎవరినీ వదలలేదు. మన శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ వేసుకున్నవారిని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబరు 3న గుర్తింపు ఇచ్చేదాకా చాలా దేశాలు టీకా వేసుకోనివారి కిందే కట్టాయి. ఊరి మందు ఊరివాళ్ళనే ఆపింది! ఆ గండం గడిచింది. అప్పటికి మిగిలింది ఇంటిపేరు గండం. తెలుగువాడి ఇంటిపేరు ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, కొందరికి పేరు తర్వాత, కొందరికి ముందు. ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్ ఇచ్చిన ధ్రువపత్రం చాలామందికి ఆధార్‌ను చూసి పుట్టినది కాబట్టి అక్కడా పొడి అక్షరమే. కౌంటరు వెనక కూర్చున్న అధికారికి ఇద్దరు మనుషులు కనిపించేవారు. కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు చేర్చుకునే వీలు, పేరు సరిదిద్దుకునే వీలు, పూర్తి పుట్టినతేదీతో విదేశీ ప్రయాణ పత్రం తీసుకునే వీలు ఉండేవి. అది విమానాశ్రయం క్యూలో చేసే పని కాదు. టికెట్ కొనకముందే, మీ సేవలోనో చదువుకున్న పిల్లల చేతనో చేయించుకోవలసిన పని.

అసలు గండం వీసాది. రెండేళ్ళు పని లేక కూర్చున్న ఏజెంట్లు విమానాలు మొదలవగానే తొందరపడ్డారు. ‘కంపెనీ వీసా రావడానికి రెండు నెలలు పడుతుంది, విజిట్ వీసా మీద వెళ్ళు, అక్కడ మార్పిస్తాం’ అన్న పాత పాట మళ్ళీ మొదలైంది. ఈ పాటలోని కిటుకు ఏమిటంటే, పదో తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉంటుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు వారు పనికి వెళ్ళాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం కేంద్ర వలసల అధికారి అయిన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆ దారిన వెళ్తే ఒప్పందం కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది, 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. దానికి ప్రీమియం రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30 వేలు, పైన జీఎస్టీ. ఊళ్ళో సబ్ ఏజెంటు అడిగేది దానికి ఎన్ని రెట్లో ఆ ఊరివాళ్ళకే తెలుసు. విజిట్ వీసాకు ఈ తతంగమేదీ లేదు గనుకనే అతనికి అదంటే అంత ప్రీతి. విజిట్ వీసా గడువు తీరిన మర్నాటి నుంచి ఆ మనిషి ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవడానికి భయం, జీతం ఎగ్గొడితే ఫిర్యాదుకు భయం, ఇంటికి రావాలంటే ఔట్‌పాస్ అనే అత్యవసర ప్రయాణ పత్రం కోసం పడిగాపులు.

కాగితాలు సక్రమంగా ఉన్నవారికైనా 2020లో ఏమి జరిగింది? ఆ ఏడాది మే 7న, విదేశాల్లో చిక్కుకున్నవారిని తేవడానికి మొదలైన వందే భారత్ విమానాల్లో దిగినవారిలో ఎందరో నెలల జీతం, సర్వీసు డబ్బులు అక్కడే వదిలేసి వచ్చారు. అప్పుడు బతికి బయటపడితే చాలనుకున్నారు. అది చాలదన్నట్టు, అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ వలసలకు నిర్దేశించే కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. ఉద్యోగాలు నిలబెట్టడానికట! మన కార్మికుల కూలిని తక్కువకు పాడే పని పరాయి యజమానికి కూడా మిగల్చలేదు. వలస కార్మికుల పక్షాన తెలంగాణ హైకోర్టు మెట్లెక్కాక, 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి వెళ్ళాయి. ఆ పది నెలల్లో తక్కువ జీతానికి సంతకం పెట్టినవారి ఒప్పందాలు మాత్రం వెనక్కి రాలేదు.

రాష్ట్రం చేయవలసింది చిన్నదేమీ కాదు. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. మనకు తెలంగాణ వచ్చి ఎనిమిదేళ్ళు కావచ్చినా, 2022 మార్చి నాటికి ప్రవాసీ విధానం హామీ దశ దాటలేదు. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ ఉన్నదన్న సంగతి హైదరాబాదులోనే చాలామందికి తెలియదు, జగిత్యాల జిల్లా రాయికల్‌లో ఎవరికి తెలుస్తుంది? ప్రభుత్వమే నడిపే ఆ సంస్థ జిల్లా కేంద్రాలకు వెళ్ళి, ఏజెంటు లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్ జాబితాలో ఎలా చూసుకోవాలో చూపించాలి. అరబ్బీలో, ఆంగ్లంలో ఉండే ఒప్పందాన్ని సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించే మనిషిని పెట్టాలి. ప్రయాణానికి ముందు ఇచ్చే ఒకరోజు శిక్షణను మొక్కుబడిగా కాకుండా జరపాలి.

ఇంకొకటి. విమానమెక్కేవారిలో పాత యజమాని దగ్గరికే తిరిగి వెళ్ళేవారు కొందరుంటారు. పాత బాకీ అతని దగ్గరే ఉంది. ఎన్ని నెలల జీతం రావాలి, బ్యాంకు కాగితం గానీ జీతం చీటీ గానీ ఉన్నదా, పాత అకామా (అక్కడి నివాస అనుమతి కార్డు) నకలు దాచుకున్నారా అని వలస అనుమతి ఇచ్చే కార్యాలయంలోనే, తెలుగులో, ఒక గుమాస్తా అడిగి రాసుకోవాలి. ఆ జాబితా మన రాయబార కార్యాలయాల బల్ల మీదికి చేరాలి. దుబాయి చేరాక అడిగితే ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఆ మనిషి నోరు విప్పడు.