విన్చ్ కన్నా ముందు కావలసినవి

ఆస్ట్రేలియా సింప్సన్ ఎడారికి పికప్‌లో వెళ్లేవాళ్లు వెంట తీసుకెళ్లాల్సిన సామాన్ల జాబితాలో కొందరు విన్చ్‌ని, అంటే ఇరుక్కున్న బండిని తీగతో లాగే యంత్రాన్ని, మొదట పెడతారు. ఆ ఇసుక దిబ్బల మీద దాన్ని కట్టడానికి గట్టి చెట్టు దొరకడమే కష్టం. టైర్ల ప్రెజర్ గేజ్, గాలి నింపే కంప్రెసర్, పొడవు పిడి పార ముందుండాలి. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే ఇసుకలో కూరుకున్న బండి చాలాసార్లు దానంతటదే బయటికొస్తుంది.

అసలు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇరుక్కున్న బండిని ఇంకో బండితో లాగే సాగే స్ట్రాప్‌ని టో బాల్‌కి, అంటే ట్రైలర్ తగిలించే గుండుకి, ఎప్పుడూ తగిలించకండి! ఆ గుండు విరిగితే తూటాలా దూసుకొస్తుంది, ఆస్ట్రేలియాలో ఇలా ప్రాణాలే పోయాయి. ఎంత బరువు లాగినా తట్టుకుంటాయో రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్లు (స్ట్రాప్ తగిలించే కొక్కేలు) బండికి బిగించుకున్నాకే బయల్దేరండి.

నీళ్లు మనిషికి రోజుకు 10 లీటర్ల లెక్కన, అవీ వేర్వేరు క్యాన్లలో. మొబైల్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, శాటిలైట్ ఫోన్ తప్పనిసరి. బండి ఆగిపోతే టెన్షన్‌లో వదిలేసి నడవొద్దు, పైనుంచి వెతికేవాళ్లకు బండే ముందు కనిపిస్తుంది.