సిలిండర్ సైజు చూడకుండా బర్నర్ కొనొద్దు
గ్యాస్ బర్నర్ల మీద మీరు రాసిన వ్యాసంలో, బర్నర్ పెద్దదైతే చాలు, 5 కిలోల చిన్న గ్యాస్ సిలిండర్ మీదే 50 లీటర్ల గుండిగ మరిగించుకోవచ్చని రాశారు. దీన్ని నేను ఒప్పుకోను. అనంతపురంలో మేం ఇంటి నుంచే ఆర్డర్ల మీద సంగటి, బిర్యానీ చేసి పంపుతాం. సిలిండర్‌లో ఉండేది ద్రవం; అది ఆవిరయ్యేటప్పుడు తన వేడినే లాగేసుకుంటుంది. పెద్ద బర్నర్ గ్యాస్‌ను జోరుగా లాగితే చిన్న సిలిండర్ చల్లబడి, బయట చెమ్మ పట్టి, లోపల ప్రెషర్ తగ్గి మంట పడిపోతుంది. గ్యాస్ సగమయ్యాక ఇంకా ఎక్కువ. మా ఎండల్లో అంత తెలియదు కానీ, డిసెంబర్ తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే బాగా తెలుస్తుంది. అప్పుడు కొందరు సిలిండర్‌ను మంట దగ్గరికి జరుపుతారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, ప్రాణాలకే ప్రమాదం. మా లాంటి పనికి 19 కిలోల కమర్షియల్ సిలిండరే సరైనది, ఇంటి 14.2 కిలోల సిలిండర్ వ్యాపారానికి వాడటం ఎలాగూ నిబంధనలకు విరుద్ధం. రెగ్యులేటర్ మాట మీరసలు ఎత్తలేదు. ఇంటి రెగ్యులేటర్ ఇచ్చే తక్కువ ప్రెషర్‌తో హై ప్రెషర్ బర్నర్ సరిగా మండదు, దానికి తగిన రెగ్యులేటర్, పైపు వేరే కొనాలి.