సవరణ: రాడ్ ఎంత ఎత్తాలి?

పడవ మీంచి వేసిన గాలానికి పెద్ద చేప పడితే రాడ్ (గాలం కర్ర) ఎత్తి లాగమని కిందటి పోస్టులో రాశాను కదా, అది చదివి చెన్నై కాశిమేడు రేవు నుంచి వేటకి వెళ్లే మనవాళ్లు కొందరు రాడ్‌ని నిటారుగా నిలబెడుతున్నారట. అంత కాదు బాబూ! సూర (ట్యూనా) చేప పడవ కింద గుండ్రంగా తిరిగేటప్పుడు రాడ్ నిలబెడితే బరువంతా సన్నటి కొస మీద పడి పుటుక్కున విరుగుతుంది. 45 డిగ్రీలు దాటనివ్వకుండా జానెడు ఎత్తి, కొస దించుతూ వదులైన లైన్‌ని (గాలం తాడుని) రీల్‌కి చుట్టుకోండి, అప్పుడు భారం లావుపాటి మొదలు మోస్తుంది. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ని వదిలే రీల్ బ్రేకు) జారుతున్నప్పుడు మాత్రం రీల్ హ్యాండిల్ తిప్పకండి, స్పిన్నింగ్ రీల్ (కదలని చుట్ట మీద లైన్ చుట్టే రకం) అయితే లైన్ మెలిపడుతుంది. చేప అడుగు నుంచి అవతలికి దూరితే కొసను నీళ్లలో ముంచి పడవ ముందువైపుకి నడవండి, లైన్ పడవకి రాసుకుందంటే తెగినట్టే. డ్రాగ్ బిగింపు లైన్ బలంలో మూడో వంతు లోపే, అందులో మార్పు లేదు.