గేర్‌బాక్స్ ఆయిల్ ‘జీవితాంతం’ వస్తుందా?

ఆటోమేటిక్ కార్లు నడిపేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఫ్యాక్టరీలో పోసిన గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పటికీ మార్చక్కర్లేదట, మార్చమనేది మెకానిక్‌ల దోపిడీ అట, పైగా లక్ష కిలోమీటర్లు దాటాక మారిస్తే గేర్‌బాక్సే పోతుందట.

“లైఫ్‌టైమ్ అని కార్ల కంపెనీయే చెప్పింది.” చెప్పింది, నిజమే. ఆ లైఫ్ ఎన్నేళ్లో మాత్రం చెప్పలేదు. బీఎండబ్ల్యూ లాంటి కార్లకు గేర్‌బాక్స్‌లు తయారుచేసి ఇచ్చే జర్మనీ కంపెనీ జడ్‌ఎఫ్ మాత్రం వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. తయారుచేసినవాళ్లే మార్చమంటుంటే ఇంకెవరి మాట వినాలి?

“ఇంజిన్ ఆయిల్‌లా మంట దగ్గరికి పోదు కాబట్టి పాడవదు.” మంట దగ్గరికి పోదు, ఒప్పుకుంటాను. కానీ ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని మోసేది ఈ ఆయిలే. గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేదీ, వాటి వేడిని లాక్కుపోయేదీ అదే. ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ, ఘాట్ రోడ్లు ఎక్కుతూ, ట్రైలర్ లాగుతూ పోతే ఈ వేడి ఇంకా పెరుగుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ త్వరగా చెడుతుంది. క్లచ్‌లు మెత్తగా పట్టుకోవడానికి అందులో కలిపిన రసాయనాలు అరిగిపోతాయి. అప్పుడే గేరు మారేటప్పుడు కుదుపు మొదలవుతుంది.

“ఎర్రగా ఉంటే బాగున్నట్టే.” ఆ ఎరుపు కలిపిన రంగు, అంతే. మాడిన వాసన వస్తోందేమో చూడండి.

ఇక అసలు భయం, “పాతబండిలో మారిస్తే పోతుంది” అన్నది. ఇది పూర్తిగా గాలి కబురు కాదు. ఏళ్ల తరబడి ఆయిల్ ముట్టుకోరు. క్లచ్ జారడం మొదలయ్యాక, ఆఖరి ప్రయత్నంగా మారుస్తారు. వారం తిరిగేసరికి గేర్‌బాక్స్ పోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. క్లచ్ అప్పటికే అరిగిపోయింది కదా! గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పితే లోపలి అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది. పల్చగా, వేళ్ల మధ్య నలిపితే మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదలే. గరుగ్గా ఇనుప ముక్కలు తగిలితే ఆయిల్ మార్చి ప్రయోజనం లేదు, రిపేరు గురించి ఆలోచించాలి.

ఆయిల్ మార్పుకు చెడ్డపేరు తెచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. సీవీటీ (మెట్లుమెట్లుగా గేర్లు మారని రకం) గేర్‌బాక్స్‌లో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోయడం ఒకటి. కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర లెవెల్ చూడకుండా మూత బిగించడం ఇంకొకటి.

ఒక మాట ముందే తెలిసి ఉంటే మంచిది. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ మొత్తం రాదు, టార్క్ కన్వర్టర్‌లో చాలా భాగం ఉండిపోతుంది. అందుకే మార్చిన మర్నాడు చూసినా రంగు నల్లగానే కనిపించవచ్చు. మెకానిక్ మోసం చేశాడని పోట్లాడకండి. కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి ఇంకోసారి మార్పించండి.