ఒక్కసారి కలిపానంతే!

అరటికాయ వేపుడు పొయ్యి మీద ఉన్నప్పుడు వంటింటి గుమ్మం దాటిన ప్రతి మనిషికీ పుట్టుకతోనే ఒక హక్కు వస్తుంది. మూకుడు పక్కనున్న అట్లకాడ అందుకుని, ముక్కల్ని ఒక్కసారి కలిపి వెళ్లే హక్కు. ఏ చట్టంలో రాసి ఉందో గానీ మా ఇంట్లో మాత్రం తు.చ. తప్పకుండా అమలవుతోంది.

ముందు కాయ సంగతి. దీనికి 1753లో లినేయస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ‘మ్యూసా పారడీసియాకా’ అని పేరు పెట్టాడు. అంటే స్వర్గానిదని. ఆ మహానుభావుడు చేతులకు నూనె రాసుకోకుండా నాలుగు పచ్చి కాయలు చెక్కు తీసి ఉంటే స్వర్గం ఊసెత్తేవాడు కాదని నా అనుమానం. ఆ జిగురు గోళ్ల సందుల్లో చేరి నల్లబడిందంటే ఇక సబ్బుకు లొంగదు. తరిగిన ముక్కలేమో గాలి తగిలితే చాలు, రంగు మారతాయి. ఉప్పు నీళ్లలో వెయ్యాలి. తీసి గుడ్డ మీద ఆరబెట్టాలి. తడి మిగిలిందా, నూనె మొహం మీదికి ఎగురుతుంది. ఈ చాకిరీ సాగినంతసేపూ వంటింట్లోకి పిట్ట కూడా తొంగిచూడదు. చెక్కు తీసే హక్కు కోసం ఇంతవరకూ ఎవరూ పోరాడలేదు.

ముక్కలు నూనెలో పడి చుయ్యిమన్న చప్పుడు హాల్లోకి వినబడగానే మాత్రం ఒక్కొక్కరే బయల్దేరతారు.

మొన్న ఆదివారం లెక్కపెట్టాను. మొదట మామయ్యగారు, మంచినీళ్లకని. ఎడమ చేతిలో గ్లాసు, కుడి చేతిలో అట్లకాడ. “అడుగంటుతుందేమోనమ్మా” అని ఒక తిప్పు. ఆయన అటు వెళ్లారో లేదో మా ఆడపడుచు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, స్నేహితురాళ్లిద్దరి తగవు తీరుస్తూ, మూకుడు వంక కన్నెత్తైనా చూడకుండా మజ్జిగ చిలికినట్టు చిలికింది. అవతలి గొంతు పెరిగినప్పుడల్లా ఇంకో తిప్పు. ఆ ఇద్దరూ కలవలేదట. నా ముక్కలు మాత్రం విడదీయరానంతగా కలిసిపోయాయి. తర్వాత మావాడు, స్టూలు ఈడ్చుకొచ్చి మరీ. గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు కూడా, ఆ గిన్నె దించకముందే, రెండో చేత్తో.

చివరికి మా ఆయన. ఆయన ఉత్తినే కలిపే రకం కాదు, తనిఖీ చేస్తారు. ఒక్కో ముక్కనూ అట్లకాడ అంచుతో నొక్కి, చిట్లిందని రూఢి చేసుకుని, “ఉడికిందిలే” అని ప్రకటించి, మూత పెట్టి వెళ్లిపోయారు.

మూత!

ముక్క చుట్టూ లేచే బుడగలు నూనెవి కావు మహాప్రభూ. ముక్కలోని నీరు ఆవిరై బయటపడే దారి అది. ఆ తడి ఉన్నంతసేపూ ముక్క పైభాగం 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. తడి ఆరి, వేడి ఇంచుమించు 140 దాటాకే ఎర్రబడటం జోరందుకుంటుంది. ఆ రంగు వెనకున్న రసాయన చర్యను 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంత కథ నడవాలంటే ముక్కను కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. లోపల పిండి మెత్తబడుతున్న వేళ కెలికితే అంచులు విరుగుతాయి. విరిగిన పొడి నూనె తాగి మూకుడుకు అంటుకుంటుంది. అంటే అడుగంటకూడదని కలిపిన పుణ్యాత్ములే అడుగంటించారన్నమాట. పైన మూతొకటి, వెళ్లిపోయే ఆవిరిని నీటిచుక్కలు చేసి మళ్లీ ముక్కల మీదే కురిపించడానికి.

భోజనాల దగ్గర ప్రశ్న రానే వచ్చింది. “ఏం వదినా, ఈసారి ముద్దయిపోయింది?”

అడిగింది ఎవరు? చిలికిన చెయ్యే! దానికి మా ఆయన, “మంట సరిగ్గా చూసుకోవాలి” అని ముక్తాయింపు. మంట నేను చూసుకున్నాను. మణికట్టు మీద బొబ్బ ఉంది, సాక్ష్యం కావాలంటే. గంటసేపు నిలబడ్డ కాళ్లు నావి, నల్లబడ్డ వేళ్లు నావి, చివర్లో మూకుడు గీకి ఆ మాడు తినేదీ నేనే. దారిన పోతూ ఒక తిప్పు తిప్పి, “కాస్త సాయం చేశాను” అనుకుంటారే, అక్కడ మండుతుంది నాకు. సాయం చెయ్యాలనుంటే రండి, ఆరు కాయలున్నాయి, చెక్కు తియ్యండి. నూనె జిడ్డు మూకుడు తోమండి. అవి చేతకాకపోతే కూర్చోండి, కానీ చేతులు కట్టుకుని కూర్చోండి.

ఈ ఆదివారం ముందుజాగ్రత్తగా అట్లకాడను డబ్బాల వెనక దాచేశాను. మామయ్యగారు వచ్చి, అటూ ఇటూ వెతికి, “ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొస్తున్నావమ్మా” అని జాలిపడి వెళ్లారు. హమ్మయ్య అనుకుని ఉప్పు కోసం అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి మా ఆయన తన టీ కప్పులోని చెంచాతో కలుపుతున్నారు.